ఇండికాకు టర్బో ఇంజన్ ఎక్కించాలంటే

పాత డీజిల్ ఇండికా ఉన్నవాళ్ళు నా షెడ్డుకు వచ్చి ఎక్కువగా అడిగే మాట ఒకటుంది. "అన్నా, నలుగురు కూసుని ఏసీ వేస్తే బండి లాగుతలేదు. టర్బో పెట్టియ్యరాదే?" వాళ్ళ బాధ నిజమే. 1998 డిసెంబరులో టాటా వాళ్ళు తెచ్చిన ఈ కారులో ఉన్నది 475 ఐడీఐ (డీజిల్‌ను ముందు హెడ్డులోని చిన్న గదిలో చల్లి కాల్చే పాత పద్ధతి) అనే 1405 సీసీ డీజిల్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 75 మిల్లీమీటర్ల బోరు, అందుకే 475. టాటా లారీల్లో 497, 697 అనే పేర్లు కూడా ఇలాగే వచ్చాయి. టర్బో లేని 475 పవర్ దాదాపు 53 హార్స్ పవర్, టార్క్ 85 న్యూటన్ మీటర్లు. ఊళ్ళో తిరగడానికి చాలు. ఎండాకాలం ఏసీ వేసుకుని, సామాను నింపుకుని, ముందున్న లారీని దాటాలంటే చాలదు.

అదే ఇంజన్‌కు టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) పెట్టి కంపెనీయే తర్వాత ఇండికా టర్బోలోనూ ఇండిగోలోనూ అమ్మింది. అందులో పవర్ 70 దగ్గరికి చేరింది, టార్క్ 130 దాటింది. సీసీ మారలేదు, డీజిల్ మారలేదు, పంపు కూడా వైర్లతో నడిచే కామన్ రైల్ కాదు, పాత పద్ధతి రోటరీ పంపే. అందుకే ఇండికాకు టర్బో కావాలన్నవాళ్ళకు నేను ఈ ఒక్క ఇంజనే చెబుతాను. డైకార్ (టాటా వాళ్ళ కామన్ రైల్ డీజిల్ ఇంజన్) పెట్టమనీ, ఇంకో కంపెనీ ఇంజన్ పెట్టమనీ అడిగేవాళ్ళూ ఉంటారు. డైకార్‌కు ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), దాని వైరింగ్, సెన్సర్లు, డీజిల్ లైను అన్నీ మారాలి. వేరే కంపెనీ ఇంజన్ అయితే మౌంటింగుల నుంచి యాక్సిళ్ళ దాకా లేత్ షాపులో కొత్తగా చేయించాలి, పైగా దానికి ఆర్సీలో అనుమతి దొరకడం కష్టం. ఆ పనులు నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి మొదట్లోనే చెప్పాలి. ఉన్న ఇంజన్‌కే టర్బో బిగిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. టర్బో అంటే సిలిండర్లోకి ఎక్కువ గాలి తోయడం. ఎక్కువ గాలికి తగ్గట్టు ఎక్కువ డీజిల్ కాలుతుంది, ఎక్కువ వేడి పుడుతుంది. టర్బో లేని ఐడీఐ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి ముందే 20 దాటి ఉంటుంది. దాని మీద టర్బో ఒత్తిడి కూడా పడితే హెడ్ ప్యాకింగ్ పోతుంది, లేదా వాల్వుల మధ్యన హెడ్డు చీరుతుంది, లేదా పిస్టన్ తలకాయ కరుగుతుంది. కంపెనీ టర్బో రకం చేసినప్పుడు లోపలి భాగాలను ఆ వేడికి, ఆ ఒత్తిడికి తగ్గట్టు చేసింది. బయట నుంచి చూస్తే రెండు ఇంజన్లూ ఒకటే అనిపిస్తాయి, లోపల ఒకటి కావు. కాబట్టి మారిస్తే ఇంజన్ మొత్తం మార్చాలి.

అసలు ఈ ఖర్చు మీ బండికి తగునా అనేది బండి కిందికి దూరి చూస్తే తెలుస్తుంది. ముందు చక్రాల లోపలి రేకు, ఇంజన్ మౌంటింగులు పట్టుకునే చోట్లు, డ్రైవర్ కాళ్ళ కింద ఫ్లోరు, వెనక సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తుప్పు రాలి స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే ఆ బండికి ఇంజన్ దండగ. ఏపీ 36 (మన వరంగల్ జిల్లా) నంబర్ల పాత బండ్లు 15 ఏళ్ళు దాటినవే ఎక్కువ. వాటికి ఆర్సీ 5 ఏళ్ళకోసారి రెన్యువల్ కావాలి, ఫిట్‌నెస్ చూస్తారు. రెన్యువల్ దగ్గర పడి ఉంటే ముందు అది చేయించుకుని తర్వాత ఇంజన్ సంగతి ఆలోచించండి. డబ్బు లెక్క కూడా చెబుతాను. ఇంజన్‌కు ఎంత పెడతారో దాదాపు అంత డబ్బు దాని చుట్టూ ఉన్న సామానుకు, రిపేరుకు పక్కన పెట్టుకోండి. ఇంజన్ ధర ఒక్కటే చూసుకుని దిగినవాళ్ళ బండ్లు సగం విప్పి షెడ్డులో నెలల తరబడి నిలబడతాయి.

పానా పట్టే ముందు ఆఫీసు పని

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ అని ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని, ఇంజన్ మార్చాలంటే రిజిస్టర్ చేసిన ఆఫీసు అనుమతి కావాలని, మార్చాక 14 రోజుల్లో ఆఫీసుకు చెప్పి ఆర్సీలో రాయించుకోవాలని అందులో ఉంది. అనుమతి లేకుండా మారిస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "ఎవరు చూస్తారన్నా" అనే మాట నా దగ్గర చెల్లదు. యాక్సిడెంట్ అయిన రోజు చూస్తారు. ఆర్సీలో ఒక ఇంజన్ నంబర్, బండిలో ఇంకో నంబర్ ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకు డబ్బు ఇవ్వకుండా తప్పించుకునే దారి దొరుకుతుంది. అవతల దెబ్బ తగిలిన మనిషి కుటుంబం కూడా కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఈ 475 విషయంలో మనకు అనుకూలం ఏమిటంటే, కంపెనీ అదే, సీసీ అదే, ఇంధనం అదే. ఇంజన్ ఏ భారత్ స్టేజ్ (బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం)‌దో కూడా చూడండి. మీ బండిది ఏ స్టేజో ఆ స్టేజ్ లేదా అంతకన్నా కొత్తది కావాలి, పాతది పనికిరాదు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆర్సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులతో ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) గారిని కలవండి. ఏమేం కాగితాలు కావాలో అడిగి రాసుకోండి. ఫైనాన్స్ ఉంటే వాళ్ళ లెటర్ కూడా పట్టుకుపోండి. కుదరదని చెబితే అక్కడితో ఆపేయండి. ఉన్న ఇంజన్‌కే నాజిళ్ళు, పంపు, క్లచ్ బాగుచేయించుకుంటే బండి చాలా వరకు తేరుకుంటుంది. లాగడం లేదని వచ్చే బండ్లలో చాలావాటికి అసలు రోగం అక్కడే ఉంటుంది.

ఇంజన్ వెతకడం

వరంగల్‌లో, హనుమకొండలో దొరికితే మంచిదే. మనకు తెలిసిన బండి, తెలిసిన డ్రైవర్. లేకపోతే హైదరాబాద్ పాత ఇంజన్ల దుకాణాలు, అక్కడా కాకపోతే విజయవాడ ఆటోనగర్. ఎక్కడికి పోయినా నా నియమం ఒక్కటే. బండి నుంచి విప్పి నేల మీద పెట్టిన ఇంజన్ కన్నా, ఇంకా బండిలోనే ఉన్న ఇంజన్ కొనండి. వెనక గుద్దుకుని స్క్రాప్‌కు వచ్చిన ఇండికా టర్బో దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. స్టార్ట్ చేసి చూడవచ్చు, దాని చుట్టూ ఉన్న సామాను అంతా కళ్ళ ముందే ఉంటుంది.

నేను అందరికీ గట్టిగా చెప్పేది ఇదే: ఆడపిల్లను సారెతో పంపినట్టు టర్బో ఇంజన్ను దాని సామాను మొత్తంతో తెచ్చుకోవాలి. గేరుబాక్సు, ఫ్లైవీల్, క్లచ్, రెండు యాక్సిళ్ళు. టర్బో, దానికి ఆయిల్ పోయే సన్న పైపు, ఆయిల్ తిరిగి వచ్చే లావు పైపు, వేడి రేకు. టర్బో నుంచి సైలెన్సర్ దాకా ఉన్న ముందు పైపు. ఇంటర్‌కూలర్, దాని రెండు హోసులు, దానికి గాలి తెచ్చే ప్లాస్టిక్ దారి. రేడియేటర్, ఫ్యాన్, ఫ్యాన్ రిలే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని నుంచి టర్బోకు వచ్చే గొట్టం. వ్యాక్యూమ్ పంపు, దాని పైపులు. హీటర్ ప్లగ్గుల టైమర్, ఈజీఆర్ (కాలిన పొగను కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఏర్పాటు) ఉంటే దాని వాల్వు, దాని వైర్లు. ఇంజన్ మౌంటింగుల బ్రాకెట్లు. చివరికి హోసులకు పట్టే క్లిప్పులు కూడా. దుకాణదారు "అవన్నీ బయట దొరుకుతాయి సార్" అంటాడు. దొరుకుతాయి, కానీ ఒకటి దొరికితే ఇంకొకటి దొరకదు, దొరికింది సరిపోదు. విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఏ పైపు ఎటు తిరిగిందో, ఏ క్లిప్పు ఎక్కడుందో మర్చిపోయినప్పుడు ఆ ఫోటోలే దిక్కు. టర్బోలో ఇంటర్‌కూలర్ లేని రకం కూడా ఉంది, ఆ రకంలో పవర్ తక్కువ. ఏది కొంటున్నారో అడిగి కాదు, చూసి తెలుసుకోండి.

ఇంజన్ నంబర్ చోట వేలితో తడమండి. గ్రైండర్ పెట్టిన గీతలు, వంకర అంకెలు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. బిల్లు మీద ఆ నంబరే రాయించుకోండి. ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం జిరాక్సు అడగండి. ఇది ఇవ్వలేని దుకాణంలో ఇంజన్ కొనవద్దు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్ట్ చేయించండి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజన్ అన్ని రోగాలూ దాచిపెడుతుంది. స్టార్టయ్యాక ఆయిల్ మూత తెరిచి చూడండి, పొగ కొద్దిగా వస్తే సరే, గుప్పుగుప్పున కొడితే రింగులు పోయినట్టు. రేడియేటర్ మూత దగ్గర బుడగలు ఆగకుండా వస్తే హెడ్ ప్యాకింగ్ పోయింది, లేదా హెడ్డు చీరింది. హీటర్ ప్లగ్గు రంధ్రంలో గేజ్ పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడండి. అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి 3 బార్లకు మించి తక్కువ ఉంటే ఆ ఇంజన్ నేను తీసుకోను, తీసుకున్నా రిపేరు ఖర్చు ధరలో తగ్గించుకుంటాను.

టర్బోను మాత్రం విడిగా చూడాలి. గాలి లోపలికి వెళ్ళే గొట్టం విప్పి, చక్రం మధ్యలో నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకు వెనక్కి లాగండి. కదలిక చేతికి తెలియకూడదు. పక్కలకు కొద్దిగా ఊగడం సహజమే, ఎందుకంటే అందులో షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఊగినప్పుడు రెక్క గోడకు తగలకూడదు. రెక్కల అంచులు చెక్కుకుపోయి ఉంటే దుమ్మో, రాయో, విరిగిన ముక్కో లోపలికి పోయినట్టు. ఆ టర్బో పనికిరాదు. హోసులో సన్నటి ఆయిల్ తడి ఉండవచ్చు, కాని వంచితే ఆయిల్ కారకూడదు.

ఎక్కించే ముందు నేల మీదే చేయాల్సినవి

ఇంజన్ బయట ఉన్నప్పుడు అరగంటలో అయ్యే పని, బండిలో పెట్టాక రోజంతా పడుతుంది. అందుకని టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, ముందు వెనక ఆయిల్ సీళ్ళు, థర్మోస్టాట్, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ చూడకుండానే కొత్తవి వేసేయండి. టైమింగ్ బెల్టు విషయంలో బేరం లేదు. అది తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి హెడ్డు పోతుంది. పాత బెల్టు చూడ్డానికి బాగున్నా అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేవాళ్ళు లేరు. బెల్టు వేశాక ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకోండి. పంపు టైమింగ్ డయల్ గేజ్ పెట్టి చూడాలి, చెవితో విని పెట్టడం ఈ ఇంజన్‌కు పనికిరాదు.

నాజిళ్ళు, పంపు రెండూ డీజిల్ పంపు షాపులో బెంచ్ మీద పెట్టించండి. టర్బో ఇంజన్ పంపు నెత్తి మీద ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇన్‌టేక్ నుంచి ఒక సన్న రబ్బరు పైపు దానికి వస్తుంది. టర్బో గాలి ఒత్తిడి పెరిగితే ఆ డబ్బాలో ఉన్న రబ్బరు పొర కిందికి నొక్కుకుని డీజిల్ ఎక్కువ వదులుతుంది. గాలి వచ్చాకే డీజిల్ పెరగాలి, అదీ దాని పని. ఆ రబ్బరు పైపు చీరినా, ఊడినా టర్బో బాగానే తిరుగుతుంది కానీ డీజిల్ పెరగదు. "టర్బో పెట్టినా ఏం తేడా లేదు" అని వచ్చే బండ్లలో ముందు ఈ పైపే చూస్తాను. కొత్త పైపు వేయండి, ఖర్చు ఏమంత ఉండదు. పంపు వెనక డీజిల్ పెంచే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. దాన్ని తిప్పితే ఆ రోజు బండి ఎగురుతుంది, నల్ల పొగ కక్కుతుంది, సైలెన్సర్ వేడి పెరిగి టర్బో చక్రం దెబ్బతింటుంది. టర్బో పక్కన కడ్డీతో ఉండే, ఒత్తిడి ఎక్కువ కాకుండా చూసే వేస్ట్‌గేట్‌ను బిగించమని అడిగేవాళ్ళకు కూడా నాది ఇదే జవాబు.

ఇక ఆయిల్. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, పక్కనే ఎర్రగా కాలే సైలెన్సర్ వేడి. దాన్ని బతికించేది ఆయిల్ ఒక్కటే. పాత ఇంజన్ల ఆయిల్ పైపుల్లో మాడిన ఆయిల్ పెచ్చులు కడుతుంది. సన్న పైపు కొత్తది దొరికితే వేయండి, లేకపోతే లోపల తీగ దూర్చి, డీజిల్ పోసి, గాలి కొట్టి, చివర బోల్టు రంధ్రం కూడా శుభ్రం చేయండి. తిరిగి వచ్చే లావు పైపు ఎక్కడా మడత పడకుండా, పైకి లేవకుండా నేరుగా కిందికి వాలాలి. ఆ పైపుకు ప్యాకింగ్ బదులు సిలికాన్ ముద్ద పెట్టే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. ఆ ముద్ద లోపలికి పొంగి దారి మూసేస్తే ఆయిల్ కిందికి దిగలేక టర్బో సీలు దాటి గాలి పైపులోకి పోతుంది. నీలి పొగ వస్తుంది, టర్బో పోయిందనుకుని మంచి టర్బోను పారేస్తారు. అసలు ప్యాకింగే వేయండి.

పాతది దించడం, కొత్తది ఎక్కించడం

దించే పని గురించి ఎక్కువ చెప్పను, ఇండికా ఇంజన్ దించడం వరంగల్‌లో చాలామందికి వచ్చు. బ్యాటరీ తీయండి. ఏసీ గ్యాసును గాలిలోకి వదలకుండా ఏసీ మెకానిక్‌తో తీయించండి. నీళ్ళు, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ దించండి. ప్రతి వైరుకు, ప్రతి పైపుకు కాగితం టేపు అంటించి పేరు రాయండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిపే పైకి లేపండి. ఒక టన్ను చైన్ బ్లాక్ చాలు, కానీ అది వేలాడే గర్డరు గట్టిది కావాలి. బండి కింద జాకీ స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, రాళ్ళు పెట్టి కిందికి దూరవద్దు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చెప్పే మాట ఇదే. చైన్ మీద ఇంజన్ వేలాడుతున్నప్పుడు దాని కింద చెయ్యి కూడా పెట్టనివ్వను.

ఖాళీ అయిన ఇంజన్ గదిని కడిగి చూడండి. బ్రేకు పైపులు, స్టీరింగ్ బూట్లు, క్లచ్ కేబుల్, వైరింగ్ తొడుగు మార్చాల్సినవి ఇప్పుడే మార్చండి.

కొత్త ఇంజన్ దింపి మౌంటింగు బోల్టులన్నీ సగం వరకే బిగించండి. యాక్సిళ్ళు, గేరు లివర్, సైలెన్సర్ ముందు పైపు కూడా కూర్చున్నాక ఇంజన్ను చేత్తో ఊపి, అది తన చోటులో సర్దుకున్నాక గట్టిగా బిగించండి. ముందే బిగిస్తే ఇంజన్ లాగినట్టు కూర్చుంటుంది, ఐడిల్‌లో స్టీరింగ్ వణుకుతుంది. తర్వాత టర్బో చుట్టూ చూడండి. యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఇంజన్ వెనక్కి ఒరుగుతుంది, కాబట్టి నిలబడ్డప్పుడు కనిపించే సందు నడిచేటప్పుడు ఉండదు. టర్బోకు, ముందు పైపుకు దగ్గరలో బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైరు ఏదీ ఉండకూడదు. కనీసం రెండు వేళ్ళ సందు, మధ్యలో వేడి రేకు. ఆ రేకును గలగలలాడుతోందని పీకి పారేస్తారు, అది లేకపోతే డీజిల్ పైపుకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో దాకా గాలి దారిలో ఎక్కడా సందు ఉండకూడదు. మన దగ్గర దుమ్ము మామూలుది కాదు. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి, వరి కోతలప్పుడు ప్రతి రోడ్డు మీదా పొట్టు. ఫిల్టర్ తర్వాత చిన్న చీలిక ఉన్నా ఆ పొడి నేరుగా టర్బో రెక్కలకు తగులుతుంది. టర్బో నుంచి ఇంజన్ దాకా ఉన్న హోసులకు స్క్రూ క్లిప్పులు వేసి, ఒక చివర మూసి, ఒక బారుకు మించకుండా గాలి పెట్టి, సబ్బు నీళ్ళు పూసి చూడండి. బుడగ వచ్చిన చోట మళ్ళీ బిగించండి.

రేడియేటర్ విషయంలో నేను పిసినారితనం ఒప్పుకోను. రామగుండంలో మే నెల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ అన్నీ ఆ వేడి గాలితోనే చల్లబడాలి. పాత రేడియేటర్ ఉంచుకుంటే చలికాలం గడుస్తుంది, ఎండాకాలం గడవదు. టర్బో బండి రేడియేటరే వేయండి, లోపల కడిగించి, కొత్త మూత పెట్టండి. ఫ్యాన్‌కు దాని రిలేతో, దాని మందం వైర్లతోనే కనెక్షన్ ఇవ్వండి. బోరు నీళ్ళు పోయవద్దు, మన బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోసి, గాలి మొత్తం పోయేదాకా ఓపిగ్గా ఉండండి. ఇంకొకటి, ఏనుమాముల మార్కెట్ వైపు, జిన్నింగ్ మిల్లుల దగ్గర తిరిగే బండ్లకు పత్తి సీజన్లో దూది రేడియేటర్ ముందు దుప్పటిలా పరుచుకుంటుంది. ముందున్న కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, దూది వెనకాల సందులో ఉంటుంది. ఆ రోజుల్లో వారానికోసారి టార్చ్ వేసి చూసి, బ్రష్షుతో తీసేయండి.

మొదటిసారి స్టార్ట్ చేయడం

తాళం తిప్పగానే స్టార్ట్ చేయవద్దు. టర్బో ఆయిల్ రంధ్రంలో కొద్దిగా ఆయిల్ పోసి పైపు బిగించండి. పంపు మీద ఇంజన్ ఆపే సొలినాయిడ్ వైరు పీకి, సెల్ఫ్ కొట్టండి. డీజిల్ పోదు కాబట్టి ఇంజన్ స్టార్టవదు, ఆయిల్ మాత్రం తిరుగుతుంది. పది సెకన్లు కొట్టి ఆపి, మళ్ళీ కొట్టి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా చేయండి. అప్పుడు వైరు పెట్టి, డీజిల్ చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి, హీటర్ లైటు ఆరాక స్టార్ట్ చేయండి.

ఆ సమయంలో ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, గాలి గొట్టం మీద మూయడానికి సరిపోయే మందపాటి చెక్క పలక దగ్గర పెట్టుకోండి. టర్బో సీలు పోయి ఉంటే డీజిల్ ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ పరిగెత్తుతుంది, తాళం తీసినా ఆగదు. గాలి మూస్తేనే ఆగుతుంది. చేత్తో మూయవద్దు, ఆ లాగుడుకు చెయ్యి పోతుంది. పలక ఒక మనిషి చేతిలో ఉండాలి, అతనికి వేరే పని చెప్పకూడదు.

స్టార్టయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచండి, రేస్ చేయవద్దు. టర్బో ఆయిల్ పైపుల దగ్గర తడి, హోసుల దగ్గర నీళ్ళు, సైలెన్సర్ జాయింట్ల దగ్గర మసి చూడండి. మొదట తెల్ల పొగ కొంచెం ఉంటుంది, వేడెక్కాక పోవాలి. నీలి పొగ నిలబడితే ఆయిల్ కాలుతోంది. ఫ్యాన్ తనంత తాను తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగేదాకా ఇంజన్ ఆపకండి.

బ్రేకు చూడకుండా రోడ్డు మీదకు పోనివ్వను. టర్బో బండి ముందు డిస్కు, కాలిపరు మీదాని కన్నా పెద్దవైతే అవే తెచ్చి వేయండి. వ్యాక్యూమ్ పంపు సరిగా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే ఇంజన్ ఆపి బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి, పెడల్ గట్టిపడ్డాక కాలు దానిమీదే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కిందికి దిగాలి. ముందు స్ప్రింగులు కుంగి ఉంటే మార్చండి. గేరుబాక్సు దానిదే వేశాం కాబట్టి స్పీడోమీటర్ ఒకసారి ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి.

నా పరీక్ష దారి ఇలా ఉంటుంది. ముందు కాజీపేట బ్రిడ్జి మీద రెండో గేరులో ఎక్కించి దించుతాను, ఊగినప్పుడు తగిలే చప్పుళ్ళు అక్కడే వినిపిస్తాయి. తర్వాత హనుమకొండ నుంచి హుజూరాబాద్ మీదుగా కరీంనగర్, ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని. దారిలో ఆగి ఆయిల్, నీళ్ళు చూస్తాను. ఘాట్ ఎక్కించి చూడాలనుకుంటే నిర్మల్ దాటాక పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ ఉంది. అక్కడ మూడో గేరులో ఉష్ణోగ్రత సూది మధ్యలోనే నిలబడితే మీ రేడియేటర్ పని బాగా జరిగినట్టు. సూది పైకి పోతుంటే ఏసీ ఆపి, గేరు తగ్గించి, పక్కకు ఆపి ఐడిల్‌లో ఉంచండి. వేడి మీద మూత తీయవద్దు. రింగులు మార్చిన ఇంజన్ అయితే ఈ పరీక్షలు మొదటి 1,000 కిలోమీటర్లు నిదానంగా తిప్పాకే.

ఆ వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి, ఆ తర్వాత 5,000కు ఒకసారి. 15డబ్ల్యూ40, సీఐ4 గ్రేడు ఆయిల్ పోస్తాను నేను. పొద్దున స్టార్ట్ చేయగానే రేస్ చేయవద్దు. మేడారం జాతరకో, కాళేశ్వరానికో దూరం నడిపి వచ్చి ఆపేటప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. వేడి మీద ఒక్కసారిగా ఆపితే టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడుతుంది. ఇంతకుముందు చెప్పిన పెచ్చులు అలా పుట్టినవే.

బండి కుదిరాక పొల్యూషన్ పరీక్షకు పంపండి. భారత్ స్టేజ్ 4 కన్నా ముందటి డీజిల్ బండ్లకు పొగ 65 హెచ్ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలత) మించకూడదు. నాజిళ్ళు, పంపు, ఎయిర్ ఫిల్టర్ సరిగా ఉంటే అంత రాదు. దగ్గరికి వచ్చిందంటే ఎక్కడో గాలి లీకుంది, వెతకండి. ఆ సర్టిఫికెట్, ఇంజన్ బిల్లు, ముందే తీసుకున్న అనుమతి కాగితం, పెన్సిల్ అచ్చు తీసుకుని, ఇంజన్ ఎక్కించిన రోజు నుంచి 14 రోజులు దాటకుండా బండిని ఆర్టీఏకు తీసుకెళ్ళండి. కొత్త ఆర్సీ చేతికి వచ్చాక దాని మీది ఇంజన్ నంబర్‌ను బ్లాక్ మీది నంబర్‌తో ఒక్కో అంకె పోల్చి చూసుకుని, జిరాక్సు జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీకి లెటర్ ఇచ్చి, పాలసీలో కూడా ఆ నంబర్ ఎక్కించుకోండి.